బస్సులో ఫుల్ వాల్యూమ్, చెవిలో కీచురాయి: చేతిలో గేమ్ ఆడేవాళ్ళకి మంచి సౌండ్ ఎందుకు కావాలి

  ఈ ఎపిసోడ్‌ని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తున్నవాళ్ళు ఒక్కసారి మీ వాల్యూమ్ ఎంతలో ఉందో చూడండి. చూశారా? ఆ లెవెల్ గుర్తుపెట్టుకోండి, మధ్యలో మళ్ళీ అడుగుతాను.

పోయిన వారం చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ మెషీన్ల గురించి చెప్పినప్పుడు చాలామంది స్క్రీన్ గురించి, ప్రాసెసర్ గురించి, బ్యాటరీ గురించి అడిగారు. సౌండ్ గురించి ఒక్కరంటే ఒక్కరు అడగలేదండి. నేను కూడా ఒకప్పుడు అడిగేవాణ్ణి కాదు. ఎందుకు మారానో ముందు అది చెప్తాను, తర్వాత టెక్నికల్ విషయాల్లోకి వెళ్దాం.

2021లో నేను వర్క్ ఫ్రమ్ హోమ్‌లో మా ఊళ్ళో ఉన్నాను. రావులపాలెం దగ్గర, చుట్టూ కొబ్బరి తోట, వెనకాల పంట కాలవ. ఒక రోజు రాత్రి పదకొండింటికి కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది, ఫ్రిజ్ ఆగింది, వైఫై ఆగింది, ఊరంతా చప్పుడు లేకుండా అయిపోయింది. అప్పుడు నాకు సన్నగా కీ...మని ఒక శబ్దం వినపడింది. తోటలో కీచురాళ్ళు అనుకున్నాను. అరుగు మీద మా నాయనమ్మ పడుకుని ఉంది. "ఏంటి నాయనమ్మా, ఈరోజు కీచురాళ్ళు తెగ అరుస్తున్నాయి" అన్నాను. ఆవిడ కాసేపు విని, "కీచురాళ్ళు ఎక్కడున్నాయిరా, ఏమీ లేవు కదా" అంది. మా నాయనమ్మకి అప్పటికి డెబ్భై ఎనిమిదేళ్ళు. వంటింట్లో పిల్లి అడుగేసినా వినపడుద్ది ఆవిడకి. నేను తోటలోకి వెళ్ళాను, ఇంట్లోకి వచ్చాను, ఎక్కడికి వెళ్ళినా శబ్దం అంతే ఉంది. కుడి చెవి మూశాను. ఇంకా గట్టిగా వినపడింది.

వారం ఆగి రాజమండ్రిలో చెవి డాక్టర్‌గారి దగ్గరకి వెళ్ళాను. చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, బీప్ వినపడితే బటన్ నొక్కమన్నారు. గేమ్ లాగే ఉంది. కాకపోతే ఓడిపోయాను. కాగితం మీద రెండు గీతలు వచ్చాయి, ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి. ఎడమది ఇంచుమించు తిన్నగా ఉంది. కుడి చెవి గీత మాత్రం 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలో పడినట్టు కిందకి దిగిపోయి మళ్ళీ లేచింది. డాక్టర్‌గారు ఆ గుంట చూసి, "ఫ్యాక్టరీలో పని చేశావా?" అని అడిగారు. లేదండి, సాఫ్ట్‌వేర్ అన్నాను. "మరి తుపాకీ ఏమైనా కాల్చావా?" అన్నారు. ఫోన్లో చాలా కాల్చానండి అన్నాను. (నవ్వు) ఆయన నవ్వలేదు. ఎక్కువ శబ్దం వల్ల చెవి దెబ్బ తింటే ఆ 4000 చుట్టుపక్కలే గుంట పడటం మామూలంట. 

ఎడమ చెవి బాగుండి కుడి చెవే ఎందుకు పాడైంది? దానికి జవాబు డాక్టర్‌గారికి తెలియదు, నాకు తెలుసు.

మా పెద్దమ్మ కువైట్‌లో ఒకళ్ళింట్లో పని చేసేది. మా కోనసీమలో ఏ వీధికి వెళ్ళినా గల్ఫ్ వెళ్ళినవాళ్ళు ఇద్దరు ముగ్గురు తగులుతారు, మీకు తెలిసిందే. ఆ ఇంటి పిల్లాడు కొత్త మెషీన్ కొనుక్కుని పాత పీఎస్పీ పక్కన పడేస్తే, "మా చెల్లెలి కొడుక్కి ఇస్తానమ్మా" అని అడిగి, చీరల మధ్య పెట్టి జాగ్రత్తగా తెచ్చింది. అప్పటికి మా ఊళ్ళో అలాంటిది చూసినవాడే లేడు. నేను బీటెక్‌లో చేరాక అది నాతోపాటే రోజూ బస్సెక్కేది. రావులపాలెంలో ఎక్కితే, జొన్నాడ వంతెన దాటి, కాలేజీకి గంట. సాయంత్రం ఇంకో గంట. వారానికి ఆరు రోజులు, నాలుగేళ్ళు.

ఇయర్‌ఫోన్స్ మాత్రం బస్టాండులో కొన్నవి. యాభై రూపాయలు, బేరమాడితే నలభై. మీరూ కొని ఉంటారు, వాటి సంగతి మీకు చెప్పక్కర్లేదు. నెల తిరగకుండా ఒక సైడ్ పోద్ది. వైరు పిన్ను దగ్గర మడిచి, వేలితో నొక్కి పట్టుకుంటే వస్తది, వదిలితే పోద్ది. నాకు ప్రతిసారీ ఎడమ సైడే పోయేది. దాంతో ఏం చేసేవాణ్ణి? కుడి చెవిలో పెట్టుకుని ఫుల్ వాల్యూమ్. ఎడమ చెవి కండక్టర్ గారికి. నాలుగేళ్ళు అలాగే ఆడాను. మొత్తం దెబ్బంతా కుడి చెవే తింది.

ఇప్పుడు లెక్కకి వద్దాం, ఎంతైనా ఇంజనీర్ని కదా. పల్లెవెలుగు బస్సులో ఇంజను పక్క సీట్లో కూర్చుని ఫోన్లో మీటర్ యాప్ పెట్టి చూస్తే 80 డెసిబెల్స్ దాటి ఆడుతోంది. ఫోన్ యాప్ అంత కచ్చితం కాదు, కానీ ఒక అంచనా కోసం తీసుకోండి. చెవిలో వదులుగా వేలాడే ఇయర్‌ఫోన్ బయటి గోలని ఆపదు. కాబట్టి గేమ్ సౌండ్ వినపడాలంటే ఆ 80 మీద ఇంకో పది, పదిహేను ఎక్కించాలి. అంటే 90, 95.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ఏంటంటే, 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. డెసిబెల్ అన్నది మన మామూలు స్కేలు లాంటిది కాదండి, 3 పెరిగితే శక్తి రెట్టింపు అవుద్ది. అందుకని ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైము సగం చేసుకుంటూ పోవాలి. 83కి 20 గంటలు, 86కి 10, 89కి 5. 95కి వచ్చేసరికి గంటా పావు. వారం మొత్తానికి గంటా పావు! నేను వారానికి పన్నెండు గంటలు ఆడాను.

లోపల ఏం జరుగుద్దంటే, చెవి లోపల నత్తగుల్ల లాంటి భాగం ఉంటది. అందులో వెంట్రుకల లాంటి కొసలున్న కణాలు ఒక్కో చెవికి సుమారు 15,000 ఉంటాయి. కంట్లో వెలుతుర్ని పట్టుకునే కణాలు కోట్లలో ఉంటే, చెవికి ఇచ్చింది ఇన్నే. పైగా మనిషిలో ఒకసారి పోయినవి మళ్ళీ మొలవవు. వరి నారు పోతే మళ్ళీ పోసుకోవచ్చు, ఇది అలాంటి నారు కాదు.

ఇదంతా నా ఒక్కడి గోల అనుకోకండి. 2024 జనవరిలో బీఎంజే పబ్లిక్ హెల్త్ అనే పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. 14 అధ్యయనాలు, మొత్తం 50 వేల మందికి పైగా మనుషులు. గేమ్ ఆడేవాళ్ళు చాలాసార్లు సురక్షితం అనే గీతకి దగ్గర్లోనో, దాటేసో వింటున్నారని అందులో తేలింది. గేమ్‌లో ఇంకో తిరకాసు కూడా ఉంది. పాట అయితే ఇంచుమించు ఒకే లెవెల్లో పోతుంది. గేమ్‌లో అడుగుల చప్పుడు సన్నగా ఉంటది, అది వినపడాలని వాల్యూమ్ పెంచుతాం. ఆ వాల్యూమ్‌లోనే పక్కన బాంబు పేలుద్ది.

ఇప్పుడు అసలు పాయింట్. మంచి ఇయర్‌ఫోన్ అంటే గట్టిగా మోగేది అని మనవాళ్ళ ఫీలింగ్. "బాస్ అదిరిపోయిందిరా" అంటాం. నేను చెప్పేది తిరగేసి ఆలోచించండి. మంచి ఇయర్‌ఫోన్ అంటే తక్కువ వాల్యూమ్‌లోనే అన్నీ వినపడేది. మెత్తటి రబ్బరు టిప్ చెవి కన్నంలో సరిగ్గా కూర్చుందనుకోండి, బయటి గోలలో 15, 20 డెసిబెల్స్ దాకా అదే ఆపేస్తుంది. 80 ఉన్న బస్సు మీ చెవికి 60 అయిపోద్ది. అప్పుడు గేమ్‌ని 70, 75లో ఆడినా అడుగుల చప్పుడు తెలుస్తుంది. అదే రోడ్డు, అదే బస్సు, అదే డ్రైవరు. తేడా అంతా ఆ రబ్బరు ముక్క దగ్గర. డబ్బాలో మూడు సైజుల టిప్స్ ఇస్తారు కదా, మనలో చాలామంది మధ్య సైజు పెట్టేసి మిగతావి పారేస్తాం. పారేయకండి. నా రెండు చెవులకి రెండు సైజులు పట్టాయి, నమ్మరు.

నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్నవైతే ఇంకా మంచిదే. బస్సు ఇంజను హోరు లాంటి బొంగురు శబ్దాన్ని అది బాగా తీసేస్తుంది. పక్క సీటు వాళ్ళ ఫోన్లో రీల్స్ మాత్రం అంత బాగా తీయదు, దానికి రబ్బరే గతి.

సరే, ఇక్కడ చిన్న పక్కదారి. చేతిలో గేమ్‌కి, ఇయర్‌ఫోన్‌కి ఉన్న చుట్టరికం చాలా పాతది. 1989లో జపాన్‌లో నింటెండో గేమ్‌బాయ్ వచ్చింది. దానికి ఒకటే స్పీకరు, మోనో. కానీ హెడ్‌ఫోన్ పెడితే స్టీరియో వచ్చేది! లోపల నాలుగే నాలుగు సౌండ్ చానల్స్. ఏ చానల్ ఎడమకి వెళ్ళాలో, ఏది కుడికి వెళ్ళాలో సంగీతం చేసేవాళ్ళు చెప్పొచ్చు. స్పీకర్లో ఆడినవాళ్ళకి ఈ సంగతే తెలిసేది కాదు. అందులో టెట్రిస్ మ్యూజిక్ చేసిన హిరోకాజు తనకా అనే ఆయన నింటెండోలో ఇంజనీరుగా చేరాడు. సౌండ్ హార్డ్‌వేర్ తయారీలోనూ ఆయన చెయ్యి ఉంది, దాని మీద పాట కట్టిందీ ఆయనే. డోలు తనే చేసుకుని తనే వాయించినట్టు అన్నమాట. బీటెక్ చదివి వీడియోలు చేసుకునే నాలాంటివాడికి ఇలాంటివి వింటే కొంచెం ధైర్యంగా ఉంటది.

ఇంకో తమాషా. 2003లో వచ్చిన గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్పీకి హెడ్‌ఫోన్ పిన్ను కన్నమే పెట్టలేదు. కావాలంటే చార్జింగ్ పెట్టే చోట ఒక అడాప్టర్ తగిలించుకోవాలి. 2016లో ఐఫోన్ 7కి కన్నం తీసేస్తే అందరూ గోల చేశారు కదా, దానికి పదమూడేళ్ళ ముందే గేమ్ ఆడేవాళ్ళు ఆ బాధ పడ్డారు. నింటెండో స్విచ్ 2017లో వస్తే, దానికి బ్లూటూత్ ఆడియో 2021 సెప్టెంబర్‌లో గానీ రాలేదు. అదీ అప్‌డేట్‌లో. బ్లూటూత్ మైకు మాత్రం పని చేయదు. ఎందుకు అంత ఆలస్యం చేశారో మనకి చెప్పలేదు, కానీ బ్లూటూత్‌లో గేమ్ ఆడినవాడికి కొంచెం అర్థమవుద్ది.

బ్లూటూత్ సంగతి వివరంగా చెప్పుకుందాం, ఎందుకంటే మీరందరూ ఆడేది దాంట్లోనే.

పోయిన సంక్రాంతికి మా బాబాయిగారబ్బాయి భీమవరం నుంచి వచ్చాడు. ఇంటర్ సెకండియర్, బీజీఎంఐలో పిచ్చోడు. పబ్జీ మొబైల్ 2018లో వచ్చి, 2020 సెప్టెంబర్‌లో బ్యాన్ అయి, 2021 జూలైలో బీజీఎంఐగా వచ్చి, 2022 జూలైలో మళ్ళీ పోయి, 2023లో మళ్ళీ వచ్చిందంటే, అన్నిసార్లూ ఏడ్చి అన్నిసార్లూ నవ్వినవాడు వీడు. "అన్నయ్యా, కొత్త బడ్స్ కొన్నాను, అయినా ఎనిమీ ఎటు నుంచి వస్తున్నాడో తెలియట్లేదు, బడ్స్ డూప్లికేట్ ఏమో చూడవా" అన్నాడు. నేను పెట్టుకుని చూశాను. పాట పెడితే చక్కగా ఉంది. గేమ్ ఓపెన్ చేసి మైక్ ఆన్ చేశాడు. అంతే, సౌండ్ ఒక్కసారిగా పాత ల్యాండ్‌లైన్ ఫోన్ లాగా అయిపోయింది.

బడ్స్ తప్పు కాదండి. మామూలు బ్లూటూత్‌లో రెండు దారులు ఉంటాయి. ఒకటి పాటల దారి: స్టీరియో, మంచి క్వాలిటీ, కానీ ఒక వైపే ప్రయాణం, ఫోన్ నుంచి చెవికి. రెండోది కాల్ దారి: రెండు వైపులా మాట వెళ్తుంది, కానీ మోనో, శాంప్లింగ్ 8 కిలోహెర్ట్జ్ లేదా 16. మీరు బడ్స్ మైక్‌లో "బ్రో, కవర్ ఇవ్వు" అని మాట్లాడాలంటే ఫోన్ మిమ్మల్ని కాల్ దారిలోకి మార్చేస్తుంది. మోనో అంటే రెండు చెవుల్లోకీ ఒకటే సౌండ్. ఇక ఎడమేంటి, కుడేంటి?

మన మెదడు దిక్కు ఎలా కనిపెడుద్దో తెలిస్తే ఇది ఎంత నష్టమో అర్థమవుద్ది. ఎడమ పక్క నుంచి శబ్దం వస్తే ఎడమ చెవికి ముందు తగులుద్ది, తల చుట్టూ తిరిగి కుడి చెవికి చేరడానికి మహా అయితే 0.6, 0.7 మిల్లీసెకన్లు ఆలస్యం. సెకనులో వెయ్యో వంతు కూడా కాదు! ఆ చిన్న తేడానీ, తల అడ్డొచ్చి తగ్గిన శబ్దాన్నీ కలిపి లెక్కేసి మెదడు "అదిగో, ఆ పక్క" అంటుంది. గేమ్ చేసేవాళ్ళు కష్టపడి ఆ తేడాల్ని సౌండ్‌లో పెడతారు. మోనో వాటిని మొత్తం తుడిచేస్తుంది. నా యాభై రూపాయల ఇయర్‌ఫోన్ ఒక సైడ్ పోయినప్పుడు జరిగిందీ అదే, మావాడి రెండు వేల రూపాయల బడ్స్‌లో జరిగిందీ అదే. కాకపోతే వాడివి రెండు సైడ్లూ మోగుతున్నాయి కాబట్టి వాడికి అనుమానం రాలేదు. ఏం తెలియట్లేదని వాల్యూమ్ పెంచేస్తున్నాడు. చూశాను, ఫుల్‌లో ఉంది.

ఇంకోటి ఆలస్యం. బ్లూటూత్‌లో సౌండ్‌ని కుదించి, పంపి, అక్కడ మళ్ళీ విప్పుతారు. మామూలు కోడెక్‌లో దీనికి 150 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా పడుద్ది. గేమ్ మోడ్ అని రాసి ఉన్న బడ్స్‌లో తగ్గుద్ది. 200 మిల్లీసెకన్లు అంటే మీకు చిన్నదిగా అనిపించొచ్చు. గాల్లో శబ్దం ఆ టైములో దాదాపు 69 మీటర్లు వెళ్తుంది. గోదారి పాయ అవతల రేవులో బట్టలు ఉతకడం ఎప్పుడైనా చూశారా? గుడ్డ బండ మీద పడటం ముందు కనపడుద్ది, దబ్బుమన్న చప్పుడు తర్వాత వస్తది. అచ్చం అలా. మీ గేమ్‌లో ఎనిమీ మీ పక్కనే ఉన్నా, వాడి అడుగు మీకు అవతలి రేవులోంచి వినపడుతోంది.

పీఎస్పీలో పటపాన్ అని ఒక గేమ్ ఉంది, 2007లో జపాన్‌లో వచ్చింది. నాలుగు బటన్లు, నాలుగు డోలు దెబ్బలు. తాళంలో నొక్కితేనే మీ సైన్యం నడుస్తుంది, తప్పితే తికమకపడి ఆగిపోద్ది. నా బస్సు ప్రయాణాల్లో సగం దానికే పోయాయి. ఈ మధ్య మావాడికి నా ఫోన్లో ఎమ్యులేటర్ మీద అది పెట్టి, వాడి బడ్స్‌తో ఆడమన్నాను. మూడు నిమిషాల్లో విసుక్కున్నాడు, "గేమ్ బాలేదు అన్నయ్యా" అని. నిమిషానికి 120 దరువులు అనుకోండి, దరువుకి దరువుకి మధ్య అర సెకను. అందులో అయిదో వంతు సెకను ఆలస్యంగా వినపడితే ఎవడైనా ఎలా వాయిస్తాడు? వైరు ఇయర్‌ఫోన్ ఇచ్చాను. అరగంట తల ఎత్తలేదు. పిన్ని టిఫిన్‌కి పిలిచినా వినపడలేదు, అది వేరే సంగతి.

మరి ఏం కొనాలి అని అడుగుతారు. నేను కంపెనీ పేర్లు చెప్పను, ఎవరూ నాకు డబ్బులివ్వలేదు. వెయ్యి రూపాయల్లోపు వైరుతో, చెవిలో బిగుతుగా కూర్చునే రకం కొనండి. వైరు విడిగా ఊడి వచ్చేదైతే ఇంకా మంచిది, ఒక సైడ్ పోతే వైరు ఒక్కటే మార్చుకోవచ్చు. ఫోన్‌కి కన్నం లేకపోతే టైప్ సి డాంగిల్ తీసుకోండి, కానీ లోపల డాక్ ఉన్నదే తీసుకోండి. లేనివి కొన్ని ఫోన్లలో అసలు మోగవు, షాపులోనే పెట్టి చూసుకోండి. బ్లూటూతే కావాలంటే గేమ్ మోడ్ ఆన్ చేసి, మైకు మాత్రం ఫోన్‌ది వాడండి. ఎల్ఈ ఆడియో అని కొత్త పద్ధతి వచ్చింది, అందులో మైకు ఆన్‌లో ఉన్నా మంచి సౌండ్ రావడానికి వీలుంది, కానీ ఫోనూ బడ్సూ రెండిట్లోనూ అది ఉండాలి.

ఫోన్ సెట్టింగ్స్‌లో వాల్యూమ్ లిమిట్ కూడా ఉంటే పెట్టేసుకోండి. ఇప్పుడు చెప్పండి, మొదట్లో చూసిన లెవెల్ ఎంత? సగం దాటిందా? తగ్గించి వినండి, నా గొంతు ఏమీ మారిపోదు.

2022 మే నెలాఖరులో కోనసీమలో నెట్ ఆపేశారు, గుర్తుందా? నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళం ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని, సిగ్నల్ దొరికే చోటు వెతుక్కుంటూ గోదారి దాటి వెళ్ళేవాళ్ళం. కుర్రోళ్ళందరి ఆన్‌లైన్ గేమ్స్ ఒక్క దెబ్బకి ఆగిపోయాయి. ఆ రాత్రులు నేను పెద్దమ్మ ఇచ్చిన పీఎస్పీ బయటకి తీశాను. దానికి నెట్ అక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. మంచి ఇయర్‌ఫోన్ పెట్టి, వాల్యూమ్ మూడో వంతులో పటపాన్ ఆడాను. బస్సులో నాలుగేళ్ళు ఆడిన గేమే. వెనకాల చిన్నచిన్న గొంతులు ఎలా కోరస్ పాడతాయో, సైనికులు ఎలా బదులు పలుకుతారో నాకు అప్పుడే సరిగ్గా తెలిసింది. ఎడమ చెవితో ఆ గేమ్ నేను అంతకు ముందు ఎప్పుడూ వినలేదు కదా.

కీచురాయి ఇప్పటికీ ఉంది. పగలు పెద్దగా తెలియదు, రాత్రి తెలుస్తుంది. పడుకునేటప్పుడు ఫ్యాన్ వేసుకుంటాను, చలికాలం అయినా సరే. పెరగకుండా ఉందా లేదా అని ఏడాదికోసారి పరీక్ష చేయించుకుంటున్నాను. మీలో ఎవరికైనా గేమ్ ఆడి లేచాక చెవిలో గుయ్‌మంటుంటే, లేదా పక్కవాళ్ళ మాట దూది పెట్టుకున్నట్టు వినపడుతుంటే, అది రోజు తిరిగేసరికి తగ్గకపోతే, యూట్యూబ్ వైద్యం చేసుకోకుండా డాక్టర్ దగ్గరకి వెళ్ళండి. నేను వారం ఆగాను, మీరు ఆగకండి.

అన్నట్టు, ఆ పీఎస్పీని ఈ ఎపిసోడ్‌లో మీకు చూపిద్దామని పెట్టె తీశాను. బ్యాటరీ ఉబ్బిపోయి వెనక మూత పైకి లేచింది. (ఇక్కడ వీడియోలో బ్యాటరీ చూపిస్తున్నారు) దీన్ని గుచ్చకూడదు, చార్జింగ్ పెట్టకూడదు, జాగ్రత్తగా తీసి పక్కన పెట్టాను. కొత్తది ఆర్డర్ పెట్టాను, బుధవారానికి రావాలి. వస్తే వచ్చే వారం మీ ముందే మారుద్దాం. పెద్దమ్మ కూడా ఊళ్ళోనే ఉంది, కెమెరా ముందుకి రమ్మంటే సిగ్గుపడుతోంది, అడిగి చూస్తాను. ఉంటానండి మరి.